టూరింగ్ బైక్ మీద స్పీకర్, హెడ్‌సెట్, నావిగేషన్ ఆడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

లాంగ్ రైడ్‌కి బయల్దేరే ముందు రోజు రాత్రి నాకు వచ్చే ఫోన్లలో సగం సౌండ్ గురించే ఉంటాయి. టైర్లు చూసుకుంటారు, చైన్‌కి ఆయిల్ పెట్టుకుంటారు, హెడ్‌సెట్ మాత్రం తెల్లవారుజామున పెట్రోల్ బంకు దగ్గర పెయిర్ చేద్దామని వదిలేస్తారు. అక్కడ కుదరదు, టెన్షన్ మొదలవుతుంది. ఎక్కువమంది అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కూర్చుని, బండి పక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.

బైక్‌కే స్పీకర్లు ఉన్నాయి. మళ్ళీ హెల్మెట్‌లో హెడ్‌సెట్ ఎందుకు?

ఊళ్ళో 40, 50 వేగంలో స్పీకర్లు బాగానే వినిపిస్తాయి. హైవే ఎక్కి 80 దాటాక, ఫుల్ ఫేస్ హెల్మెట్ పెట్టుకుని ఉంటే, పాట ఏదో మోగుతోందని తెలుస్తుంది కానీ మాట తెలియదు. నావిగేషన్‌కి కావలసింది మాట. "కుడి" అందో "ఎడమ" అందో సగం వినిపిస్తే అసలు వినిపించకపోవడం కంటే ప్రమాదం.

నా పద్ధతి చెప్తాను. పాటలు కావాలంటే స్పీకర్లలో వినండి, దారి మాత్రం హెల్మెట్‌లోనే వినండి. మీ బండి ఈ రెండిటినీ విడగొట్టలేకపోతే అన్నీ హెల్మెట్‌కే పంపండి. ఊళ్ళ మధ్య నుంచి, ఆసుపత్రుల ముందు నుంచి వెళ్ళేటప్పుడు స్పీకర్లు ఆపేయడం కనీస మర్యాద.

ఫోన్‌ని బైక్‌కి పెయిర్ చేయాలా, హెల్మెట్‌కా?

అన్ని తిప్పలకూ మూలం ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఫోన్ నుంచి సౌండ్ బ్లూటూత్‌లో రెండు దారుల్లో వెళ్తుంది. పాటలది ఒక దారి, దాని పేరు ఏ2డీపీ. స్టీరియో, నాణ్యత బాగుంటుంది. కాల్స్‌ది ఇంకో దారి, హెచ్‌ఎఫ్‌పీ. అది మోనో, మైక్ కూడా పనిచేయాలి కాబట్టి నాణ్యత తక్కువ. ఫోన్‌ని బైక్‌కీ హెల్మెట్‌కీ రెండిటికీ పెయిర్ చేశారనుకోండి, పాటల దారి ఒకదానికీ కాల్ దారి ఇంకోదానికీ పోవచ్చు. ఏది ముందు ఆన్ అయితే దానికి ఒకటి చిక్కుతుంది. నిన్న బాగానే పనిచేసింది ఇవాళ పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

నాకు జరిగింది చెప్తాను. విశాఖ నుంచి అరకు వెళ్తున్నాం. ఫోన్ రెండిటికీ కలిసి ఉంది. పాట హెల్మెట్‌లో హాయిగా వస్తోంది, నావిగేషన్ మాట మాత్రం బైక్ స్పీకర్‌లోకి పోతోంది, నాకు ఆ సంగతే తెలియదు. ఎస్.కోటలో అరకు మలుపు వదిలేసి విజయనగరం రోడ్డు మీద 8 కిలోమీటర్లు వెళ్ళాక, టీ కొట్టు దగ్గర హెల్మెట్ తీస్తే అప్పుడు వినిపించింది, స్పీకర్లో సన్నగా "యూ టర్న్ తీసుకోండి" అని. ఎంతసేపటి నుంచి చెప్తోందో!

అందుకే ఒకే దారి పెట్టుకోండి. బైక్‌కి సొంత స్క్రీన్, సొంత ఆడియో ఉంటే ఫోన్‌ని బైక్‌కి కలపండి, హెల్మెట్‌ని కూడా బైక్‌కే కలపండి. ఫోన్‌కీ హెల్మెట్‌కీ మధ్య నేరుగా ఏమీ ఉండకూడదు, పాత పెయిరింగ్ ఉంటే తీసేయండి. బైక్‌కి ఆడియో లేకపోతే ఫోన్ నేరుగా హెల్మెట్‌కి. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ పరికరం పేరు పక్కన ఉన్న చక్రం గుర్తు నొక్కితే కాల్స్‌కీ, మీడియాకీ వేరువేరు స్విచ్‌లు కనిపిస్తాయి. అక్కడ అక్కర్లేనిది ఆపేయవచ్చు. ఐఫోన్‌లో ఆ వెసులుబాటు లేదు, అక్కర్లేని పరికరాన్ని పూర్తిగా ఫర్గెట్ చేయడమే.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్. ట్రిప్పర్‌కి (బండి మీద దారి చూపించే చిన్న స్క్రీన్‌కి) ఫోన్ కలిపాక కూడా మాట హెల్మెట్‌లో వస్తుందా?

వస్తుంది. మీటియర్ 350లో ఉన్న గుండ్రటి ట్రిప్పర్ బాణం గుర్తు, దూరం చూపిస్తుంది, దానికి స్పీకర్ లేదు. హిమాలయన్ 450లో మ్యాప్ మొత్తం కనిపించే డ్యాష్ ఉన్నా మాట ఫోన్ నుంచే రావాలి. కాబట్టి హెల్మెట్‌ని ఫోన్‌కి నేరుగా కలుపుకోండి. ఇక్కడ రెండూ ఒకదానికొకటి అడ్డురావు.

హోండా గోల్డ్ వింగ్ కొన్నాను. కేబుల్ పెట్టినా కార్‌ప్లే తెరుచుకోవడం లేదు. ఫోన్ పాడైందా?

ఫోన్‌కి ఏమీ కాలేదు. 2018లో కొత్త రూపంలో వచ్చిన గోల్డ్ వింగ్ మోటార్‌సైకిళ్ళలో మొదటిసారి యాపిల్ కార్‌ప్లే (ఐఫోన్‌లోని మ్యాప్, పాటలు, కాల్స్ బండి స్క్రీన్ మీదకి వచ్చే ఏర్పాటు) తెచ్చింది. కానీ దానికి ఒక షరతు ఉంది. మైక్ ఉన్న హెడ్‌సెట్ బైక్‌కి కలిస్తేనే కార్‌ప్లే మొదలవుతుంది. కార్‌ప్లే చాలావరకు సిరితో, అంటే ఐఫోన్‌లో మన మాట విని పనిచేసే సహాయకురాలితో, మాట్లాడి నడిపించుకునేది. కారులో అయితే పైన మైక్ ఉంటుంది, బైక్ మీద ఆ మైక్ మీ హెల్మెట్‌లోనే ఉండాలి.

వరస ఇది: ముందు బండి ఆన్ చేయండి, స్క్రీన్ పూర్తిగా లేచేదాకా ఆగండి. తర్వాత హెడ్‌సెట్ ఆన్ చేయండి. స్క్రీన్ మీద హెడ్‌సెట్ గుర్తు కనిపించాక ఫోన్‌కి కేబుల్ పెట్టండి. తొందరపడి కేబుల్ ముందు పెట్టేస్తే చాలామందికి కుదరదు. కేబుల్ కూడా మంచిది వాడండి. ఛార్జింగ్ మాత్రమే ఎక్కే చవక కేబుళ్ళలో డేటా వెళ్ళదు, కార్‌ప్లే రాకపోవడానికి అదీ ఒక కారణం. ఆండ్రాయిడ్ ఫోన్లకి కార్‌ప్లే లాంటిదైన ఆండ్రాయిడ్ ఆటో ఈ బండికి 2020లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌గా వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో 2018, 2019 బండి కొంటే ఆ అప్‌డేట్ వేశారో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

దారి చెప్పినప్పుడల్లా పాట ఆగిపోయి, పాత ల్యాండ్‌లైన్‌లో మాట్లాడినట్టు వినిపిస్తోంది. ఎందుకు?

నావిగేషన్ మాట కాల్ దారిలో వస్తోంది. పైన చెప్పాను కదా, ఆ దారి నాణ్యత తక్కువ. వేజ్ లాంటి దారి చెప్పే యాప్‌లలో మాటను ఫోన్ కాల్‌లా పంపే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. అది ఆన్ అయి ఉంటే ఆపేయండి. అప్పుడు మాట పాటల దారిలోనే వచ్చి, పాట కాసేపు తగ్గి, మాట అయిపోయాక మళ్ళీ లేస్తుంది.

ఒకే ఒక్క సందర్భంలో కాల్ దారి మేలు. బైక్‌లో ఎఫ్ఎం రేడియో గానీ, పెన్ డ్రైవ్ పాటలు గానీ పెట్టుకుని వింటున్నప్పుడు, ఫోన్ పాటల దారిలో పంపిన మాటను బైక్ పట్టించుకోదు. కాల్‌లా పంపితే మాత్రం రేడియో ఆపి వినిపిస్తుంది.

మాట వస్తోంది కానీ మొదటి ముక్క మింగేస్తోంది.

ఇది చిన్న విషయంలా ఉంటుంది, తెలుగులో పెద్ద విషయం. సౌండ్ ఏమీ రానప్పుడు హెడ్‌సెట్ నిద్రలోకి పోతుంది. మాట రాగానే లేవడానికి అర సెకనో, ఇంకాస్తో పడుతుంది. ఆలోగా మొదటి అక్షరాలు పోతాయి. మలుపు దగ్గరికి వచ్చాక "కుడివైపు తిరగండి" అంటుంది మ్యాప్, మనకి వినిపించేది "వైపు తిరగండి" మాత్రమే. కావలసిన మాట మొదట్లోనే ఉంది, అదే పోయింది.

మందు తేలిక. నేపథ్యంలో చాలా తక్కువ సౌండ్‌తో ఏదో ఒకటి పాడుతూ ఉండనివ్వండి. హెడ్‌సెట్ మెలకువగా ఉంటుంది, మాట మొత్తం వస్తుంది. పాటలు ఇష్టం లేనివాళ్ళు వాన చప్పుడు, వేణువు లాంటివి సన్నగా పెట్టుకుంటారు. నేను అదే చేస్తాను.

సౌండ్ మొత్తం పెంచేశాను. అయినా వినిపించదు. హెడ్‌సెట్ మార్చాలా?

మార్చే ముందు రెండు చూడండి.

మొదటిది, వాల్యూమ్ ఒక చోట కాదు, మూడు నాలుగు చోట్ల ఉంటుంది. ఫోన్‌లో మీడియా వాల్యూమ్ వేరు, కాల్ వాల్యూమ్ వేరు. గూగుల్ మ్యాప్స్ సెట్టింగ్స్‌లో మాట గట్టిగా రావాలా, మామూలుగా రావాలా అన్నది వేరుగా ఉంది, దాన్ని గట్టిగా వచ్చేలా పెట్టండి. హెడ్‌సెట్‌లో మళ్ళీ పాటకొకటి, కాల్‌కొకటి, ఇంటర్‌కామ్‌కొకటి (హెల్మెట్ల మధ్య మాట్లాడుకునేదానికి) వాల్యూమ్ ఉంటుంది. ఏది మోగుతున్నప్పుడు బటన్ నొక్కితే దాని వాల్యూమే మారుతుంది. కాబట్టి నావిగేషన్ మాట వస్తున్నప్పుడే పెంచాలి. మ్యాప్స్ సెట్టింగ్స్‌లో టెస్ట్ సౌండ్ వినిపించే చోటు ఉంది, దాన్ని పదేపదే నొక్కుతూ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

రెండోది, అసలైనది, స్పీకర్ మీ చెవి ఎదురుగా ఉందా? పదిమందిలో ఎనిమిదిమందికి అక్కడే తేడా ఉంటుందని చూస్తూ చూస్తూ తెలిసింది. హెల్మెట్ స్పీకర్లు నాణెం కంటే కాస్త పెద్దగా, 40 మిల్లీమీటర్ల వెడల్పులో ఉంటాయి. చెవి రంధ్రానికి ఒక సెంటీమీటర్ పక్కకి జరిగితే బాస్ పోతుంది, మాట పలచబడుతుంది. కుట్టులో ఉన్న గుంటలో పెట్టేశాం కదా అనుకుంటారు. ఆ గుంట హెల్మెట్ చేసినవాళ్ళు సగటు తలకి పెట్టింది, మీ చెవి ఇంకొంచెం వెనకో, కిందో ఉండవచ్చు.

ఇలా చేయండి. స్పీకర్లు తీసేసి హెల్మెట్ పెట్టుకోండి, స్ట్రాప్ బిగించండి. కింది నుంచి చూపుడు వేలు లోపలికి దూర్చి చెవి రంధ్రం దాకా పోనివ్వండి. వేలు లైనింగ్‌కి ఎక్కడ ఆనుతోందో ఇంట్లో ఒకరిని టార్చి వేసి చూడమనండి, సుద్దముక్కతో గుర్తు పెట్టమనండి. రెండు వైపులా విడివిడిగా చేయాలి, రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు. ఆ గుర్తు మధ్యలో వెల్క్రో అంటించి స్పీకర్ పెట్టండి. అప్పటికీ చెవికి దూరంగా ఉంటే, పెట్టెలో ఇచ్చిన ఫోమ్ బిళ్ళలు వెనక పెట్టి ముందుకు తీసుకురండి. స్పీకర్ చెవికి తగిలీ తగలనట్టు ఉండాలి. గంట సేపట్లో చెవి నొప్పి పెడితే ఒక బిళ్ళ తీసేయండి.

ఒక్కటి మాత్రం చేయకండి. చోటు చాలలేదని లోపలి థర్మాకోల్‌ని చాకుతో చెక్కకండి. పడినప్పుడు తలని కాపాడేది అదే.

ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే మాట ఇంకా తగ్గిపోదూ?

అందరూ అలాగే అనుకుంటారు. ఒకసారి పెట్టుకుని చూస్తే మళ్ళీ తీయరు. 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల గాలి హోరే 90 డెసిబెల్స్ దాటుతుంది. దాన్ని మించి వినాలని సౌండ్ పెంచుతాం, అంటే చెవి మీద రెండు బరువులు. ఇయర్‌ప్లగ్ హోరునీ మాటనీ రెండిటినీ తగ్గిస్తుంది, కానీ చెవి అలిసిపోకుండా ఉంటుంది కాబట్టి మాట విడిగా తెలుస్తుంది.

లెక్క ఇదీ. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నయోష్ సంస్థ చెప్పినదాని ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర 15 నిమిషాలు. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా ఆగకుండా నాలుగైదు గంటలు వెళ్ళేవాళ్ళు ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి. రైడ్ అయ్యాక రాత్రి చెవిలో కుయ్ మంటుంటే అది అలసట కాదు, చెవి దెబ్బ తింటోందని అర్థం. పోయిన వినికిడి తిరిగి రాదు. మెడికల్ షాపులో దొరికే మెత్తటి ఫోమ్‌వి చాలు. నలిపి సన్నగా చేసి, పై నుంచి చెవిని కొంచెం లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. హారన్, అంబులెన్స్ సైరన్ వినిపిస్తూనే ఉంటాయి.

గుంపుగా వెళ్తున్నాం. అందరం నావిగేషన్ పెట్టుకోవాలా?

వద్దు. ముందు నడిపేవాళ్ళు ఒకరు, చివర వచ్చేవాళ్ళు ఒకరు పెట్టుకుంటే చాలు. ముందున్నవాళ్ళు ఇంటర్‌కామ్‌లో "రెండు వందల మీటర్లలో ఎడమ" అని తమ మాటలో చెప్పాలి. మనిషి చెప్పే మాటలో "గుంత ఉంది, నెమ్మది" కూడా వస్తుంది, మ్యాప్‌లో రాదు.

ఇంటర్‌కామ్‌లు రెండు రకాలు. బ్లూటూత్‌వి గొలుసులా ఒకరికొకరు కలుస్తాయి, ఎక్కువగా నలుగురి దాకా. మధ్యలో ఒకరు వెనకబడితే గొలుసు తెగుతుంది. మెష్‌వి అలా కాదు, ఒకరు తప్పుకున్నా మిగతావాళ్ళు మాట్లాడుకుంటూనే ఉంటారు. కార్డో కంపెనీ మెష్‌లో 15 మంది, సేనా కంపెనీ గ్రూప్ మెష్‌లో 24 మంది దాకా కలవవచ్చు. బ్రాండ్లు వేరైతే మెష్ కుదరకపోవచ్చు, బ్లూటూత్‌లో కలుపుకోవాలి, సౌకర్యాలు తగ్గుతాయి. కొనేటప్పుడే స్నేహితులు ఏది వాడుతున్నారో అడిగి కొనండి.

కొన్ని పాత హెడ్‌సెట్లలో ఇంటర్‌కామ్ తెరిచి ఉన్నంతసేపూ నావిగేషన్ మాట లోపలికి రాదు. రెండూ ఒకేసారి వినిపించగలదో లేదో పెట్టె మీద కాదు, ఇంటి ముందు పరీక్షించి తెలుసుకోండి.

వెనక మా ఆవిడ కూర్చుంటుంది. ఆమెకీ దారి వినిపించాలా?

ఆమె ఇష్టం. ఎక్కువమంది పాటలు చాలంటారు. బైక్‌కి రైడర్‌కొకటి, వెనక కూర్చున్నవాళ్ళకొకటి హెడ్‌సెట్ కలిపే వీలుంటే ఎవరి వాల్యూమ్ వాళ్ళదే. లేకపోతే రెండు హెడ్‌సెట్లను ఇంటర్‌కామ్‌లో కలిపి పాట పంచుకోవచ్చు. కానీ పంచుకునేటప్పుడు నావిగేషన్ సరిగా వస్తోందా అని ముందే చూసుకోండి. ఇంకో మాట. ఘాట్ రోడ్డు ఎక్కేముందు మాట్లాడుకోవడం ఆపుదామని ఇద్దరూ అనుకుని వెళ్ళండి.

శ్రీశైలం దారిలో నల్లమలలో మ్యాప్ మూగబోతుంది. ఏం చేయాలి?

మన్ననూరు దాటాక అడవిలో చాలా దూరం సిగ్నల్ ఉండదు. ఇంట్లో వైఫై ఉన్నప్పుడే హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, తెలుగు గొంతు కూడా ఎంచుకుని ఒకసారి మాట్లాడించి చూసుకోండి. జీపీఎస్‌కి సిగ్నల్‌తో పని లేదు, కాబట్టి దారి చెప్తూనే ఉంటుంది. మధ్యలో దారి ఆపేసి మళ్ళీ మొదలుపెట్టకండి. పాటలు కూడా ఫోన్‌లో దింపుకునే వెళ్ళండి, లేకపోతే అవి ఆగిపోయి, హెడ్‌సెట్ నిద్రపోయి, మొదటి ముక్క మింగే సమస్య మళ్ళీ వస్తుంది.

అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. ఈ సంగతి మ్యాప్ చెప్పదు. లోపలికి వెళ్ళాక నేను పాట పూర్తిగా ఆపేస్తాను. మలుపులో అవతలి నుంచి బస్సు వస్తుంటే హారన్ ముందు వినిపించాలి, కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి.

మ్యాప్ నన్ను ఓఆర్ఆర్ ఎక్కమంటోంది!

కారు మోడ్‌లో ఉంది. ఓఆర్ఆర్, అంటే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూ వీలర్లను రానివ్వరు, ఎంత పెద్ద బండి అయినా సరే. గూగుల్ మ్యాప్స్‌లో టూ వీలర్ మోడ్ మన దేశంలో 2017 నుంచీ ఉంది. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ బైక్ గుర్తు నొక్కారో లేదో చూసుకోండి. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో కారుల కోసం పుట్టినవి, స్క్రీన్ మీద దారి వేశాక ఔటర్ మీదుగా ఉందేమో ఒకసారి వేలితో జరిపి చూడండి. సర్వీస్ రోడ్డు మీద వెళ్తుంటే "కుడివైపు ఎక్కండి" అని పదే పదే చెప్తున్నా వినకండి.

ఛార్జింగ్ పెడితే ఇంజిన్‌తో పాటు కీచుమని శబ్దం వస్తోంది.

ఫోన్‌ని బైక్ నుంచే ఛార్జ్ చేస్తూ, ఆక్స్ వైరుతో బైక్ ఆడియోకే కలిపారు కదా? రెండు దారుల్లో ఎర్త్ కలవడం వల్ల వచ్చే శబ్దం అది. ఆక్సిలరేటర్ తిప్పితే కీచు కూడా పెరుగుతుంది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ ఆక్స్ వైరు మధ్యలో పెడితే పోతుంది, కారు ఆడియో షాపుల్లో దొరుకుతుంది. బ్లూటూత్‌లో వింటే ఈ గోలే ఉండదు.

ఫోన్‌ని హ్యాండిల్‌కి బిగించేవాళ్ళకి ఇంకో మాట. శక్తిమంతమైన బైక్ ఇంజిన్ల వైబ్రేషన్ ఐఫోన్ కెమెరాలను పాడు చేయవచ్చని యాపిలే 2021లో హెచ్చరించింది. వైబ్రేషన్ తగ్గించే మౌంట్ వాడండి. మాట బాగా వినిపిస్తుంటే ఫోన్ జేబులోనే ఉంచవచ్చు, నేను ఎక్కువగా అదే చేస్తాను.

పోలీసులు ఆపుతారా?

ఫోన్ చేత్తో పట్టుకుంటే ఆపుతారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం చేత్తో పట్టుకునే ఫోన్ వాడుతూ నడపడం ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందికి వస్తుంది. 2020 అక్టోబర్ 1 నుంచి నిబంధనల్లో, ధ్యాస చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రమే ఫోన్ వాడవచ్చని చేర్చారు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిపేవాళ్ళని నగరాల్లో ఆపడం మామూలే. హెల్మెట్‌కి బిగించిన హెడ్‌సెట్ అయినా, ఎవరైనా ఆపి అడిగితే హెల్మెట్ తీసి మర్యాదగా చూపించండి.

కాల్ వస్తే?

ఆటో ఆన్సర్ ఆపేయండి. మ్యాప్స్‌లో కాల్ మధ్యలో కూడా దారి చెప్పే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆన్ చేయండి. ఎత్తితే "బండి మీద ఉన్నా, ఆగి చేస్తా" అనండి, అంతే.

వాన పడితే, బ్యాటరీ అయిపోతే?

ఎక్కువ హెడ్‌సెట్లు వాన తట్టుకుంటాయి, ఛార్జింగ్ రంధ్రం మీద రబ్బరు మూత గట్టిగా నొక్కి ఉంటేనే. తడిసిన వెంటనే ఛార్జింగ్ పెట్టకండి, పూర్తిగా ఆరనివ్వండి. భోజనానికి ఆగినప్పుడు హెల్మెట్ బల్ల మీద పెట్టి పవర్ బ్యాంక్‌కి కలిపితే సాయంత్రం దాకా లాగేస్తుంది. అదీ అయిపోతే, ఊరి పేర్లు వరసగా కాగితం మీద రాసి ట్యాంక్ బ్యాగ్ పై పారదర్శక కవర్లో పెట్టుకోండి. శ్రీశైలం దారికైతే దిండి, మన్ననూరు, వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట. నా బ్యాగ్‌లో ఆ కాగితం ఇప్పటికీ ఉంది.